మెదడును కొలిచి సినిమా వసూళ్లను ముందే చెప్పవచ్చునా?

బెజవాడ ప్రేక్షకుడు:
విజయవాడలో ఇటీవల ఒక చిన్న చలనచిత్రోత్సవంలో నాడీశాస్త్రం, మార్కెటింగ్, సినిమా అనే అంశంపై చర్చ విన్నాను. ప్రేక్షకుల తలకు ఎలక్ట్రోడ్లు అమర్చి ట్రైలర్ చూపిస్తే వసూళ్లను అంచనా వేయవచ్చునని ఒక వక్త చెప్పగా, గాంధీనగర్‌లో చాలాకాలంగా పంపిణీ వ్యాపారం చేస్తున్న పెద్దాయన ఒకరు లేచి, "మార్నింగ్ షో ఇంటర్వెల్‌లో క్యాంటీన్ దగ్గర నిలబడితే నాకు తెలిసిపోతుంది, దానికి యంత్రం దేనికండీ?" అన్నారు. సభంతా నవ్వింది గాని నా సందేహం తీరలేదు. ఈ కొలతలు నిజంగా దేనిని కొలుస్తున్నాయి?

గుంటూరు విద్యార్థిని:
ప్రధానంగా కొలిచేది ఒకే దృశ్యానికి వేర్వేరు మెదళ్లు ఎంత ఒకే తీరుగా స్పందిస్తున్నాయన్నది. నాడీశాస్త్రవేత్త యూరీ హాసన్ బృందం 2008లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడులో రక్తప్రసరణ మార్పులను చూపే స్కానింగ్) యంత్రంలో పడుకున్నవారికి హిచ్‌కాక్ టెలివిజన్ కథ ఒకటి చూపినప్పుడు మెదడు పైపొరలో 65 శాతానికి పైగా భాగం అందరిలోనూ ఒకేలా స్పందించింది. సెర్జియో లియోనే కౌబాయ్ చిత్రానికి అది 45 శాతం, పార్కులో జరిగిన కచేరీని కూర్పు లేకుండా ఒకే షాట్‌లో తీసిన దృశ్యానికి 5 శాతం లోపు. అయితే ఇది ప్రేక్షకుడి చూపుపై దర్శకుడికి ఉన్న పట్టును చెబుతుందే గాని, చిత్రం గొప్పదనాన్ని కాదని ఆ పరిశోధకులే స్పష్టం చేశారు. నిదానంగా నడిచే మంచి చిత్రానికి తక్కువ అంకె రావచ్చును.

మార్కెటింగ్ అధ్యాపకుడు:
ఆ వక్త మాట పూర్తిగా గాలిలోది కాదు. బోక్సెమ్, స్మిట్స్ అనే పరిశోధకులు 2015లోనూ, బార్నెట్, సెర్ఫ్ అనేవారు 2017లోనూ ట్రైలర్లు చూస్తున్నవారి ఈఈజీకీ (తలపై ఎలక్ట్రోడ్లతో నమోదు చేసే మెదడు విద్యుత్ సంకేతాలకూ) టికెట్ల అమ్మకాలకూ సంబంధం ఉందని చూపారు; రెండవ పరిశోధన మామూలు సినిమా హాలులోనే జరిగింది. కాని రెండింటిలోనూ చూపినది ట్రైలరేనన్నది మరువరాదు. ట్రైలర్ జనాన్ని హాలు దాకా తెస్తుంది. రెండో వారం ఆడించేది చూసివచ్చినవారి నోటిమాట. అన్నట్టు, ఈ రంగంలో మోసాలకూ పాత చరిత్రే ఉంది. తెరపై కంటికి ఆనని ఆదేశాలు మెరిపించి పాప్‌కార్న్ అమ్మకాలు పెంచానని 1957లో ప్రకటించిన జేమ్స్ వైకరీ, అది వ్యాపార జిమ్మిక్కేనని 1962లో తానే ఒప్పుకున్నాడు.

బెజవాడ ప్రేక్షకుడు:
ధన్యవాదాలండీ. నాకు మిగిలిన వెలితి ఒకటే: యంత్రంలో ఒంటరిగా పడుకున్నవాడికి పక్క సీటు ఈల వినపడదు కదా?

గుంటూరు విద్యార్థిని:
నిజమే. అందుకు జర్మనీలోని మైంజ్ పరిశోధకులు ఒక దారి కనిపెట్టారు. హాలునుంచి బయటికి వచ్చే గాలిని పరీక్షించి, ఉత్కంఠ, హాస్య సన్నివేశాల దగ్గర ప్రేక్షకుల ఊపిరిలో వెలువడే కార్బన్ డయాక్సైడ్, ఐసోప్రీన్ అనే రసాయనం పెరగడాన్ని గుర్తించి, 2016లో ప్రచురించారు. మీ పెద్దాయన క్యాంటీన్ దగ్గర పసిగట్టేది ఇదేనేమో!