జర్మనీలోని క్లౌస్టాల్‌లో చదివి చైనాలో మంత్రి అయిన వాన్ గాంగ్: కొత్తగా వచ్చిన తమ్ముడికి జవాబులు

క్లౌస్టాల్ నుంచి, కొత్త విద్యార్థి:

అందరికీ నమస్కారం. ఈ సెమిస్టర్‌లోనే క్లౌస్టాల్ యూనివర్సిటీలో మెకానికల్ మాస్టర్స్‌లో చేరాను. మాది ఖమ్మం. ఇక్కడ ఊరు చాలా చిన్నది, కొండ మీద చలి, రైలు కూడా లేదు, బస్సులో గోస్లార్ దాకా వెళ్లాలి. బెర్లిన్‌లో ప్రైవేట్ కాలేజీలో ఉన్న ఫ్రెండ్స్ అక్కడికి మారిపొమ్మంటున్నారు. ఇక్కడ చదివితే కార్ల కంపెనీలు పట్టించుకుంటాయా అని టెన్షన్‌గా ఉంది. హాస్టల్లో ఒక చైనా అబ్బాయి, తమ దేశంలో మంత్రిగా చేసినాయన ఇక్కడే పీహెచ్‌డీ చేశాడన్నాడు. నిజమేనా? ఎవరాయన?

ఇంగోల్‌స్టాట్ నుంచి:

నిజమే తమ్ముడూ. ఆయన పేరు వాన్ గాంగ్. 2007 నుంచి 2018 దాకా చైనా సైన్స్, టెక్నాలజీ మంత్రి. క్లౌస్టాల్‌లో చదువు అయ్యాక వచ్చింది మా ఊరికే, 1991లో ఇక్కడి ఆడి కార్ల కంపెనీలో చేరాడు. నేనూ కార్ల రంగంలోనే ఉన్నాను, ఆయన గురించి చాలా చదివాను. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా.

పుట్టింది 1952లో, షాంఘైలో. సాంస్కృతిక విప్లవం రోజుల్లో పట్నం పిల్లల్ని చదువు మాన్పించి పల్లెలకు తోలారు. ఈయన్ని ఉత్తర కొరియా సరిహద్దు వైపున్న జిలిన్ ప్రావిన్స్‌కు పంపారు. మనం ఇంటర్, ఎంసెట్ అని కంగారుపడే వయసంతా ఆయనకు పల్లెలోనే గడిచిపోయింది. 1975లో గానీ కాలేజీ మెట్లెక్కలేదు, అదీ హార్బిన్‌లోని ఫారెస్ట్రీ కాలేజీ. తర్వాత షాంఘైలోని టోంగ్జీ యూనివర్సిటీలో మాస్టర్స్ చేసి, అక్కడే పాఠాలు చెప్పి, 1985లో ఇప్పుడు నువ్వున్న ఊరికి వచ్చాడు. అప్పటికి ముప్పై దాటాయి. నువ్వు ఇంకా పాతికలోపే ఉండి ఉంటావు, ఆలస్యమైందన్న దిగులు పెట్టుకోకు.

నువ్వు బాగా చూడాల్సింది ఆడిలో ఆయన గడిపిన దాదాపు పదేళ్లు. మొదట కారు డెవలప్‌మెంట్‌లో పనిచేశాడు, తర్వాత ప్రొడక్షన్, ప్లానింగ్ వైపు మారాడు. మనవాళ్లు చాలామంది కంప్యూటర్ సిమ్యులేషన్ సీట్లో కూర్చుంటే అక్కడే ఉండిపోతారు. ఈయన మాత్రం కాగితం మీది డిజైన్ ఫ్యాక్టరీలో కారై బయటికొచ్చేదాకా మొత్తం దారి చూశాడు. తర్వాత చైనా ప్రభుత్వం ఆయన మాట వినడానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం.

2000లో అప్పటి చైనా సైన్స్ మంత్రి జూ లిలాన్ ఆడికి వచ్చినప్పుడు వాన్ గాంగ్ ఆమెను కలిశాడు. వాన్ గాంగ్ చెప్పింది ఇదీ: పెట్రోల్ ఇంజిన్లో జర్మనీకి, జపాన్‌కి దశాబ్దాల అనుభవం ఉంది, వాళ్లను అందుకోవడం కష్టం. ఎలక్ట్రిక్ కార్లలో ఇంకా ఎవరూ అంత ముందుకు పోలేదు, అక్కడ మొదలుపెడదాం. పైగా చమురు దిగుమతి తగ్గుతుంది, నగరాల్లో పొగా తగ్గుతుంది. దీన్నే ప్రతిపాదనగా రాసి ప్రభుత్వానికి ఇచ్చాడు. వాళ్లు వెనక్కి పిలిచి '863' అనే ప్రభుత్వ పరిశోధన కార్యక్రమంలో ఎలక్ట్రిక్ వాహనాల విభాగానికి ముఖ్య శాస్త్రవేత్తను చేశారు. హైబ్రిడ్ (పెట్రోల్, బ్యాటరీ రెండూ ఉన్నది), ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్‌తో కరెంటు తయారుచేసుకునేది), పూర్తి బ్యాటరీ కారు, ఈ మూడు రకాలకూ కావాల్సిన బ్యాటరీ, మోటార్, కంట్రోల్ సిస్టమ్ మీద ఒకేసారి పని నడిచింది. ఏది గెలుస్తుందో ముందే తేల్చేసి మిగతావాటిని పక్కన పెట్టలేదు. నాకు చాలా నచ్చిన విషయం అది. 2004లో టోంగ్జీ అధ్యక్షుడయ్యాడు, 2007లో మంత్రి.

బ్రౌన్‌ష్వైగ్ నుంచి:

అన్న చెప్పినదానికి కొంచెం కలుపుతాను. వాన్ గాంగ్ కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు కాదు. చైనాలో సంస్కరణలు మొదలయ్యాక అలా మంత్రి అయిన మొదటివాడు ఆయనే. ఆయనది జి గాంగ్ పార్టీ. విదేశాల్లోని చైనావాళ్లు 1925లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెట్టుకున్న పార్టీ అది, ఇప్పుడు బయటి దేశాల నుంచి తిరిగొచ్చినవాళ్లు ఎక్కువగా ఉంటారు. కానీ దాన్ని మన దగ్గరి ప్రతిపక్షం లాంటిదనుకోవద్దు, కమ్యూనిస్టు పార్టీ నాయకత్వాన్ని ఒప్పుకునే నడుస్తుంది. మంత్రిత్వ శాఖలో పార్టీ కార్యదర్శి వేరే ఉండేవాడు, అసలు పట్టు అతనిది. చివరికి 2018లో ఆయన స్థానంలో మంత్రి అయింది కూడా ఆ కార్యదర్శి వాంగ్ జిగాంగే.

ఆయన్ని 'ఎలక్ట్రిక్ కార్ల పితామహుడు' అంటారు గానీ, మొదట్లో దారి సాఫీగా లేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కొన్ని వందల వాహనాలు తిప్పి చూపించారు, 2009లో కొన్ని నగరాలను ఎంచుకుని బస్సులు, టాక్సీలకు సబ్సిడీ ఇచ్చారు. అయినా చాలా ఏళ్లు జనం కొనలేదు. 2016లో, తయారే కాని బండ్లు చూపించి కొన్ని కంపెనీలు సబ్సిడీ కాజేసిన సంగతి బయటపడింది. అయినా ప్రభుత్వం వదల్లేదు, కార్లు చేసే బీవైడీ, బ్యాటరీలు చేసే సీఏటీఎల్ లాంటి కంపెనీలు ఆ పని అందుకున్నాయి. 2023లో చైనాలో తయారై అమ్ముడైన బ్యాటరీ, ప్లగిన్ (ఛార్జ్ చేసుకునే హైబ్రిడ్) బండ్లు 90 లక్షలు దాటాయి. ఇందులో ఆయన పాత్ర పెద్దదే, కానీ ఇంత మార్పు ఒక్క మనిషి వల్ల రాలేదు.

ఇక నీ సంగతి. బెర్లిన్ మాట ఇప్పుడే ఎత్తకు. క్లౌస్టాల్ యూనివర్సిటీకి గోస్లార్‌లో ఎనర్జీ స్టోరేజ్ పరిశోధన కేంద్రం ఉంది, బ్యాటరీల టెస్టింగ్ కూడా అక్కడ చేస్తారు. ఇంత దగ్గర్లో అలాంటి ల్యాబ్ ఉండగా, ఏ ప్రైవేట్ కాలేజీకో ఫీజులు కట్టుకుంటూ పోవడం నాకు నచ్చదు. అక్కడ హివి పని (యూనివర్సిటీలో విద్యార్థి సహాయకుడి పని) దొరుకుతుందేమో ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టు. యూనివర్సిటీలో చేసే హివి పని, బయటి దేశాల విద్యార్థులమైన మనకు ఏడాదికి పని చేసుకోవడానికి ఇచ్చే 140 రోజుల లెక్కలోకి రాదు.

ఇంగోల్‌స్టాట్ నుంచి, మళ్లీ:

చెల్లి చెప్పింది కరెక్ట్. జర్మన్ మాత్రం ఈ వారమే మొదలుపెట్టు తమ్ముడూ. ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో జరిగినా, ఫ్యాక్టరీలోకి దిగాక పనంతా జర్మన్‌లోనే. థీసిస్ వీలైతే కంపెనీలో చెయ్యి. సీఏటీఎల్ ఫ్యాక్టరీ ఇక్కడే థురింజియా రాష్ట్రంలోని ఆర్న్‌స్టాట్‌లో ఉంది, వాళ్ల కెరీర్ పేజీ కూడా చూస్తుండు. సీవీ జర్మన్ పద్ధతిలో ఒక పేజీ రాసి ఆదివారంలోపు పంపు, దిద్ది ఇస్తాను.