వర్చువల్ మోడల్ రైల్వేకి గది గోడలు అవసరమా?

లూప్‌లైన్:
కంప్యూటర్‌లో రైలు నడిపే సిమ్యులేటర్‌లో మోడల్ రైల్వే కట్టేవాళ్లు రెండు దారుల్లో వెళ్తున్నారు. కొందరు ముందే ఒక గది కొలత అనుకుని, బల్ల మీద కట్టినట్టే ఆ హద్దులోనే అంతా సర్దుతారు. మిగతావాళ్లు హద్దన్నది లేకుండా ఎన్ని కిలోమీటర్లైనా పట్టాలు పరుస్తూ పోతారు. నేను గది పక్షం. ఎందుకో చెప్తాను, కాదనేవాళ్లు కాదనండి.

హెచ్‌ఓ స్కేలు అంటే 1:87, నిజం కొలతలో 87వ వంతు. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గదిని ఆ లెక్కన పెంచితే సుమారు 318 మీటర్లు, 265 మీటర్లు వస్తుంది. ట్రెయిన్జ్ అనే సిమ్యులేటర్‌లో ఒక బేస్‌బోర్డు, అంటే ఒక నేల పలక, పొడవూ వెడల్పూ 720 మీటర్లు కాబట్టి గది మొత్తం అందులో ఒక మూల ఇమిడిపోతుంది. ఇప్పుడు ఒక లైను మీదుగా ఇంకో లైను దాటించాలనుకోండి. కింద వెళ్లే బండికి తగలకుండా పైలైను 3 అంగుళాల ఎత్తుకి చేరాలి. గ్రేడియంట్ 50కి 1, అంటే 50 అడుగుల పొడవుకి ఒక అడుగు ఎక్కేలా, పెట్టుకుంటే ఆ ఎత్తు ఎక్కడానికి పన్నెండున్నర అడుగులు కావాలి. గోడేమో పన్నెండే! అంటే లైను మూల తిరుగుతూ ఎక్కాలి. మూల తిరిగేచోట కర్వ్ పడుతుంది, కర్వ్ మీద ఎక్కుతోంది కాబట్టి ఇంజన్ మీద భారం పెరుగుతుంది, స్టేషన్‌కి అనుకున్న చోటు కాస్తా పోతుంది. ఒకటి కదిపితే ఇంకోటి కదులుతుంది. లేఅవుట్ గీయడంలో నాకు దొరికే ఆనందమంతా ఇక్కడే. చోటుకి కరువు లేకపోతే ఈ ప్రశ్నలేవీ రావు.

కొండదారి:
లూప్‌లైన్ గారూ, అదే లెక్క నా వాదనకీ పనికొస్తుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి మీ 318 మీటర్ల గోడని 11 సెకన్లలో దాటేస్తుంది. 18 అంగుళాల కర్వ్ హెచ్‌ఓలో మామూలే, నిజం కొలతలో అది 40 మీటర్ల వ్యాసార్ధం. ఏ మెయిన్ లైన్ మీద అలాంటి కర్వ్ చూశారు? చోటు లేక చేసుకున్న సర్దుబాటు అది. కంప్యూటర్‌లో చోటుంది కదా, అక్కడ కూడా ఎందుకు సర్దుకోవాలి?

నాకు సిమ్యులేటర్‌లో అన్నిటికంటే ఇష్టమైన పని బండిని ఆపడం. బరువైన గూడ్సు పూర్తి వేగం నుంచి ఆగడానికి కిలోమీటరు పైన కూడా పట్టొచ్చు. ముందు సిగ్నల్ హెచ్చరిక చూపించగానే బ్రేకు పైపులో ప్రెషర్ ఎంత తగ్గించాలి, లైను దిగుతోందా ఎక్కుతోందా, చివరి వ్యాగన్ దాకా బ్రేకు అందడానికి ఎంతసేపు పడుతుంది, ఇవన్నీ మనసులో పెట్టుకుని ఎర్ర సిగ్నల్ ముందు ఆపాలి. ఓపెన్ రైల్స్ అనే సిమ్యులేటర్ రాసినవాళ్లు ఎయిర్ బ్రేకుల మీద, చక్రానికీ పట్టాకీ మధ్య పట్టు మీద అంత శ్రమ పెట్టారు. గదిలో నడిపే బండికి ఆ శ్రమలో సగం కూడా అక్కరకు రాదు.

షంటర్:
వేగంతో పనే లేని ఆట ఒకటుంది. బ్రిటన్‌లో అలన్ రైట్ అనే ఆయన కట్టిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్. మూడు సైడింగులు, అంటే వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు: ఒకదాంట్లో 5 వ్యాగన్లు, మిగతా రెండింట్లో మూడేసి పడతాయి. ఇంజన్ ముందుకీ వెనక్కీ తిరిగే హెడ్‌షంట్‌లో ఇంజనూ 3 వ్యాగన్లూ మాత్రమే పడతాయి. మొత్తం 8 వ్యాగన్లు పెట్టి, చీటీలు తీస్తే వచ్చిన వరుసలోనే 5 వ్యాగన్ల బండి తయారు చెయ్యాలి. అలాంటి వరుసలు 6,720 ఉంటాయి. సిమ్యులేటర్‌లో కూడా ఇది అచ్చం అలాగే ఆడొచ్చు. ఇప్పుడు ఆ హెడ్‌షంట్‌ని మౌస్‌తో పట్టుకుని ఇంకో నాలుగు వ్యాగన్ల పొడవు లాగండి. ఆలోచించాల్సిన అవసరమే చాలావరకు పోతుంది. అందుకే నేను లూప్‌లైన్ గారి వైపు.

కొండదారి:
యార్డులో పొడవు బిగుతుగా ఉండాల్సిందే, ఒప్పుకుంటాను. ఎనభై కిలోమీటర్ల లైను చివర కూడా అలాంటి యార్డు పెట్టుకోవచ్చు కదా.

పెద్ద లైనుకి హద్దు లేదన్న మాట మాత్రం ఒప్పుకోను. నిజం నేల మీద ఒకసారి లైను వేసి చూడండి. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది, చాలామంది అదే దించుకుంటారు. అందులో కొలత సుమారు 30 మీటర్లకి ఒకటి. రైలు కట్ట గానీ లైను కోసం తవ్విన కటింగ్ గానీ చాలాచోట్ల అంతకంటే సన్నం, కాబట్టి అవి చుట్టూ ఉన్న నేలలో కలిసిపోతాయి. దాని మీద అలాగే పట్టాలు పరిస్తే బండి అలల మీద పడవలా ఊగుతూ పోతుంది. 100కి 1 దాటకుండా ఉండాలంటే ఎక్కడ కట్ట పొయ్యాలి, ఎక్కడ తవ్వాలి, వాగు మీద వంతెన ఎంత ఎత్తులో రావాలి, కొండని చుట్టి వెళ్లాలా, సొరంగం వెయ్యాలా, అన్నీ మనమే తేల్చుకోవాలి. ఒక స్టేషన్ ఎత్తు రెండు మీటర్లు మారిస్తే వెనక ఐదారు కిలోమీటర్లు మళ్లీ సరిచెయ్యాలి. మీరు ఇందాక చెప్పిన ఆనందం ఇదే కదండీ?

పాతబల్ల:
నేను చెక్క, తీగలు, సోల్డరింగుతో కట్టేవాణ్ని. సిమ్యులేటర్‌లో ప్లాన్ సరిచూసుకుంటాను, అంతే. చేత్తో ముట్టుకోలేనిదాన్ని మోడల్ అనడానికి నాకు మనసొప్పదు.

లూప్‌లైన్ గారూ, మీరు గోడలు తెచ్చుకున్నారు గానీ చెయ్యి తెచ్చుకోలేదు. బల్ల మీద ఒక పక్క నుంచి చెయ్యి 30 అంగుళాల వరకే హాయిగా అందుతుంది. అంతకంటే లోపల పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించేవి) పెడితే, అక్కడ పట్టాలు తప్పిన వ్యాగన్‌ని ఎత్తిపెట్టడం కుదరదు. పదడుగుల వెడల్పులో మనిషి నిలబడే దారి తీసేస్తే మిగిలేదెంత? పైగా అసలు బల్ల మీద పట్టా అతుకు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా బండి పడిపోతుంది. సిమ్యులేటర్‌లో పట్టాలు తప్పడాన్నే సెట్టింగుల్లో ఆపేసుకోవచ్చు. సగం కష్టం వదిలేసి సగం తెచ్చుకుంటే అది గది ఎలా అవుతుంది?

షంటర్:
పాతబల్ల గారూ, ముట్టుకోవడం మాట కాదనను. కానీ కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ అలెన్ ఏళ్ల తరబడి కట్టిన గోరీ అండ్ డిఫీటెడ్ లేఅవుట్ ఏమైంది? 1973 జనవరిలో ఆయన చనిపోయిన కొద్ది రోజులకే మంటల్లో పోయింది. మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ 2001లో వచ్చింది. దానికోసం అభిమానులు కట్టిన రూట్లను ఈరోజుకీ ఓపెన్ రైల్స్‌లో తెరిచి నడుపుతున్నారు. ఇంకో మాట. 1946లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మొదలైన మోడల్ రైల్వే క్లబ్‌లో, బల్ల కింద రిలేలతో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చులతో, సిగ్నళ్లు నడిపిన విద్యార్థులే తర్వాత అక్కడి తొలి కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. బల్లకీ కంప్యూటర్‌కీ చుట్టరికం కొత్తదేం కాదు.

లూప్‌లైన్:
పాతబల్ల గారి ప్రశ్నకి నా జవాబు. బండి నడకని మార్చే హద్దులన్నీ నాకు కావాలి: లూపు (ఒక బండి పక్కకి ఆగి ఇంకోదానికి దారిచ్చే లైను) పొడవు, గ్రేడియంట్, కర్వ్. చెయ్యి అందకపోవడం కట్టేవాడి ఇబ్బంది. బండి నడకకి దాంతో సంబంధం లేదు, అందుకే వదిలేశాను. పట్టాలు తప్పడం మాత్రం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతాను, లేకపోతే కర్వ్‌కి స్పీడు లిమిట్ పెట్టి ప్రయోజనం లేదు.

దూరం కావాలనే కొండదారి గారికి: లైను చివర పోర్టల్ పెడతాను. బండి అందులోకి వెళ్లి, కాసేపటికి ఇంకో బండి బయటికి వస్తుంది.

కొండదారి:
పోర్టల్ పెట్టాక ఇక గోడకి అర్థమేముందండీ?

లూప్‌లైన్:
బల్ల మీది లేఅవుట్లకీ తెర వెనక ఫిడిల్ యార్డు ఉంటుంది. బండి అక్కడ ఆగి, టైమ్‌టేబుల్ ప్రకారం మళ్లీ వస్తుంది. పోర్టల్ చేసేదీ అదే పని. కళ్లకి కనబడే ప్రతి మీటరూ నేనే స్వయంగా తీర్చిదిద్దాలన్నది నా పట్టుదల. ఎనభై కిలోమీటర్లలో అది ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. స్టేషన్ల దగ్గర శ్రద్ధ కనబడుతుంది, మధ్యలో అవే నాలుగు చెట్లు తిరిగి తిరిగి వస్తాయి.

కొండదారి:
ఆ మధ్యభాగమే నాకు కావాలి. డ్రైవర్ కళ్లు సిగ్నల్ కోసం వెతికేది అక్కడే. చెట్లు పలచగా ఉన్నా ఫర్వాలేదు, గ్రేడియంట్ పలక, కిలోమీటరు రాయి, సిగ్నల్ ఉండాల్సిన చోట ఉంటే చాలు. దీని మీద మనం కలవలేం గానీ, మీ ప్లాన్ మాత్రం ఇక్కడ పెట్టండి. 318 మీటర్లలో రెండు చివర్లా పాయింట్లకి పోయే పొడవు తీసేస్తే మీ లూపులో ఎన్ని బోగీలు పడతాయో నాకూ చూడాలనుంది.