రోల్డ్ గోల్డ్ పనిలో పీస్ రేటు వాళ్లకి కనీస వేతనం ఎలా అడగాలి?

అందరికీ నమస్కారం. మా తమ్ముడు మచిలీపట్నం చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగల వర్క్‌షాపులో చేస్తున్నాడు. నెల జీతం కాదు, గొలుసుకి ఇంత, గాజుల జతకి ఇంత అని లెక్క. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి పదింటి దాకా కూర్చోబెడతారు, మూఢం వస్తే ఆర్డర్లు లేవని ఇంటికి పంపేస్తారు. రాయి ఊడినా, అతుకు సరిగ్గా పడకపోయినా శనివారం బట్వాడాలో డబ్బులు కోసేస్తారు, ఓనర్ నోట్‌బుక్‌లో రాసుకున్నదే లెక్క, చేతికి చీటీ ముక్క కూడా ఇవ్వరు.

నాకు అన్నిటికంటే టెన్షన్ ఆ పూత వేసే గది గురించి. కిటికీ లేదు, గ్లౌజులు లేవు, యాసిడ్ తగిలి తగిలి వాడి వేళ్ల చివర్లు పసుపుపచ్చగా మారి చర్మం పొరలు పొరలుగా లేస్తోంది, అన్నం కలుపుకోవాలన్నా మంట.

పీస్ రేటు అయినా కనీస వేతనం కంటే తగ్గకూడదని 1948 కనీస వేతనాల చట్టంలోనే ఉండేది కదా, 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది, అదనపు గంటలకి రెట్టింపు ఇవ్వాలని కూడా ఈ కోడ్‌లో ఉంది. పది మందికి పైగానే పనిచేస్తున్నారు, ఎవరికీ నెలకి 21,000 దాటదు, మరి ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) రావాలి కదా? ఓనర్ మాత్రం మీరంతా జాబ్ వర్క్ వాళ్లు, నా వర్కర్లు కాదు అంటున్నాడు.

ఈ మాట లేబర్ ఆఫీసులో చెల్లుతుందా? చీటీలు లేకుండా పని చేసినట్టు ఎలా చూపించాలి, ఫోన్‌పేలో పడిన డబ్బులు సరిపోతాయా? పేరు బయటపడకుండా ఫిర్యాదు చేసిన వాళ్లుంటే దయచేసి చెప్పండి, పని పోతే ఇల్లు గడవదు.