మరదలిని సరోగసీకి అడుగుతున్నారు, ఏం చేయాల?

రాయదుర్గం అక్క:
మాది రాయదుర్గం పక్క పల్లె. నేనూ మరదలూ జీన్స్ కుట్టే యూనిట్‌లో పీసు లెక్కన పని చేస్తాం. శనక్కాయ ఎండిపోయింది, తమ్ముడు వేయించిన బోర్లన్నీ దుమ్ము లేపినాయి. అప్పుకు వడ్డీ కట్టలేకపోతున్నాం. మొన్న తెలిసినామె ఒక ఏజెంటును తోడుకొని వచ్చింది. వేరేవాళ్ల బిడ్డను మోసిస్తే 5 లక్షలంట. కాన్పయ్యే దాకా హైదరాబాదులో హాస్టల్‌లోనే ఉండల్ల. కాగితాల్లో మాత్రం "స్నేహితురాలు, ఊరికే చేస్తాంది" అని రాస్తారంట. మరదలు సరేననింది. "ఒళ్లు నాది వదినా, అప్పు తీరిపోతాది" అంటాంది. నీ కొడుకును ఎవరు చూసేది అంటే నా మొహం చూస్తాంది. తప్పేముందంటే చెప్పలేను, మనసు మాత్రం ఒప్పడం లేదు.

కర్నూలు ప్లీడరు:
అమ్మా, డబ్బుకు బిడ్డను మోయించడం నేరం. 2021 సరోగసీ చట్టం, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. వైద్యం ఖర్చులు, 36 నెలల ఇన్సూరెన్సు లాంటివి తప్ప మోసే ఆమెకు ఏమీ ఇవ్వకూడదు. 25 నుంచి 35 ఏళ్ల వయసు, పెళ్లి, సొంత బిడ్డ ఉండాలి, అదీ జీవితంలో ఒక్కసారే. "స్నేహితురాలు, ఊరికే" అని రాయించేది డబ్బు మాట దాచడానికే. నడిపించేవాళ్లకు పదేళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. కేసయితే భర్తో, ఆ దంపతులో, చుట్టాలో ఆమెను బలవంతం చేశారనే కోర్టు మొదట అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే. మీ తమ్ముడికి ఈ మాట చెప్పండి.

ఆదోని రాముడు:
డాక్టరుకు ఫీజు, ల్యాబుకు ఫీజు, ప్లీడరు సారుకూ ఫీజు. మోసి కనే ఆమె ఒక్కతే త్యాగం చేయల్లనా? ఒకప్పుడు గుజరాత్‌లోని ఆనంద్‌కు విదేశాల నుంచి వచ్చి మరీ బిడ్డల్ని మోయించుకునేవాళ్లు. 2015లో విదేశీయులకు ఆపినారు, తర్వాత డబ్బు బేరమే వద్దన్నారు. ఆగిందా? దొంగచాటుకు పోయింది. ఇప్పుడు ఏజెంటు డబ్బు ఎగ్గొడితే ఆ పిల్ల ఏ స్టేషనుకు పోవల్ల?

కడప సిస్టరమ్మ:
రాముడు చివర్లో అడిగిందే నా భయం కూడా. ల్యాబులో చేసిన పిండాన్ని కడుపులో పెట్టకముందు హార్మోను మాత్రలు, పెట్టినాక గర్భం నిలవడానికి వారాల తరబడి ప్రొజెస్టిరాన్ అనే హార్మోను సూదులు. అది నూనె మందు. పిర్రలో గడ్డ కడితే కూర్చోనీయదు. కవలలైతే బీపీ, సిజేరియన్ భయం ఎక్కువ. మరదలికి మొదటి కాన్పు ఎట్లయింది? కాగితాలు తెలుగులో ఉన్నాయా? ఆమెకు అర్థమయ్యే భాషలోనే సమ్మతి తీసుకోవాలని చట్టంలో ఉంది. పిండం పెట్టేలోపు వద్దని వెనక్కి రావచ్చు, అదీ ఉంది. గర్భం నిలవకపోతే ఎంతిస్తారు? డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది?

రాయదుర్గం అక్క:
అడిగినా సిస్టరక్కా. మొదటిది సిజేరియనే. కాగితాలు ఇంగ్లీషు. నిలవకపోతే దారి ఖర్చులంట. ఖాతా మా తమ్ముడిది. ఆ సంగతి మరదలికి కూడా నేను అడిగినాకే తెలిసింది, రాత్రి నుంచి వాడితో మాట్లాడడం లేదు. రాముడన్నా, ఊరికే మోయమని నేనూ అనను. ఒళ్లు ఆమెది అయినప్పుడు డబ్బు కూడా ఆమె చేతికే రావల్ల కదా. ప్లీడరు సారు రాసింది తమ్ముడితో చదివించినాను, వాడు ఏజెంటు ఫోను ఎత్తడం మానేసినాడు. అప్పు మాత్రం అట్లనే ఉంది. బ్యాంకులో పంట రుణం తిరగరాయించుకోవాలంటే ఏ కాగితాలు పట్టుకొని పోవల్లనో ఎవరైనా చెప్పండి.