మంచి మిషనును అరిగిపోయిందని చెప్పి ధర తగ్గించాను. ఇప్పుడు ఏమి చేయాలి?

ప్రశ్న (ఏలూరు నుంచి ఒక సహోదరి):

అందరికీ వందనాలు. నేను ఇంట్లోనే జాకెట్లు, లంగాలు కుడతాను. మా వీధి చివర ఒక పెద్దావిడ తన కుట్టుమిషను అమ్ముతున్నారంటే పోయిన వారం వెళ్లాను. ఆమె భర్త టైలరు, పోయి ఏడాదయింది. నెలాఖరుకు కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. కాలితో తొక్కే పాత మిషను. తొక్కి చూస్తే కుట్టు చక్కగా పడింది. 4,500 అడిగారు. అలాంటిదే దుకాణంలో 6,000 చెప్పారు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా "షటిల్ (కింది దారం అందించే భాగం) అరిగిపోయిందండీ, కుట్టు వదులుగా పడుతోంది, బెల్టు కూడా మార్చాలి" అన్నాను. అందులో బెల్టు మాట ఒక్కటే నిజం. ఆమెకు మిషను సంగతులు తెలియవు. పైటచెంగుతో దాన్ని తుడుస్తూ "ఆయన ఉన్నప్పుడు బాగానే నడిచేదమ్మా" అని 2,800కు ఒప్పుకున్నారు.

ఇంటికి తెచ్చి సొరుగు తీస్తే సగం నీలిదారం ఉన్న బాబిన్, అరిగిన సుద్దముక్క కనిపించాయి. ఆ రాత్రి మా వారితో "షటిల్ కొత్తదానిలా ఉంది, చవకగా దొరికింది" అన్నాను. ఆదివారం పాస్టరుగారు బైబిలులోని సామెతలు 20:14 చదివారు. కొనేవాడు బాగా లేదు, బాగా లేదు అంటాడట, అవతలికి వెళ్లి మెచ్చుకుంటాడట. తల ఎత్తలేకపోయాను. బేరమాడటమే తప్పా, నేను ఆడిన తీరు తప్పా?

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు):

అమ్మా, బేరం తప్పని వాక్యంలో నాకు ఎక్కడా కనబడలేదు. భార్య సమాధి కోసం అడిగిన పొలానికి దాని యజమాని ఎఫ్రోను 400 తులాల వెండి అంటే అబ్రాహాము మారుమాట లేకుండా తూచి ఇచ్చాడు, నిజమే. కానీ అబ్రాహాము సంపన్నుడు. కుట్టుకూలితో నడిచే ఇంటికి దాన్ని చట్టం చేయకూడదు. లేవీయకాండము 25:14 మాత్రం చదవండి. అమ్మినా కొన్నా ఒకరినొకరు బాధించవద్దని ఉంది. మోసం అనగానే మనకు దుకాణదారుడే గుర్తొస్తాడు, అక్కడ కొనేవారినీ కలిపే చెప్పారు. "4,000కు ఇస్తారా?" అని అడిగి ఉంటే ఆమె సరేననో కాదనో చెప్పేవారు. లేని అరుగుదల చెప్పడంతో ఆమెకు ఆ వీలు లేకుండా పోయింది.

జవాబు (కూరగాయల వ్యాపారి, తెనాలి):

నేను అమ్మేదాన్ని కనుక అటువైపు సంగతి చెబుతాను. కిలో 40 అంటే 35కు ఇస్తానని నాకూ తెలుసు, అడిగేవారికీ తెలుసు. అందులో మోసపోయేది బేరం చేయడం రాని ముసలివారు, మొహమాటస్తులు. అది మనసును తొలిచి, మూడేళ్లుగా అందరికీ ఒకే ధర చెబుతున్నాను. కొందరు పక్క కొట్టుకు వెళ్లిపోయారు, వెళ్లనివ్వండి.

అయితే తెల్లవారుజామున దింపిన లేత వంకాయలు పట్టుకుని "అన్నీ పుచ్చులే" అంటూ, ఏరి ఏరి రెండు కిలోలు తూయించుకునేవారు ఉంటారు. తగ్గిన పది రూపాయలకన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుతుంది. చెల్లీ, ఆమె భర్త బతుకంతా తొక్కిన మిషనును మీరు పాడైందన్నారు. డబ్బుతో పాటు ఆ మాటనూ వెనక్కి తీసుకోండి.

జవాబు (హైదరాబాదు నుంచి):

తెనాలి అక్కా, 17వ శతాబ్దంలో ఇంగ్లండులోని క్వేకర్ అనే క్రైస్తవ శాఖ వ్యాపారులు మీలాగే ఒకే ధర చెప్పారు. మొదట గిరాకీ పోగొట్టుకున్నారు. తర్వాత చిన్నపిల్లవాణ్ణి పంపినా మోసం జరగదని జనం వారి దుకాణాలకే వచ్చారు.

ప్రశ్న అడిగిన సహోదరి:

నిన్న సాయంత్రం వెళ్లాను. ఆమె సామాను సర్దుకుంటున్నారు. 1,700 చేతిలో పెట్టి, షటిల్ అరగలేదని, అబద్ధం చెప్పానని చెప్పాను. ఆమె డబ్బు లెక్కపెట్టలేదు. "అయితే ఆయన బాగానే చూసుకున్నారన్నమాట" అన్నారు. కాసేపాగి మళ్లీ అదే మాట అన్నారు. సొరుగులోవి కూడా తీసుకెళ్లాను. సుద్దముక్క ఉంచుకుని, బాబిన్ నాకే తిరిగి ఇచ్చారు.