గిట్-ఎస్‌వీఎన్ వంతెనను ఉంచాలా, ఒకేసారి గిట్‌కు మారాలా?

హంటర్‌రోడ్డు

మడికొండ ఐటీ పార్కులో మాది నలుగురి జట్టు. క్లయింటు కోడంతా సబ్‌వర్షన్‌లో (ఎస్‌వీఎన్, కోడ్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసి దాచే సాఫ్ట్‌వేర్) ఉంది. మేము అలాంటిదే అయిన గిట్‌లో పనిచేసి, రెండింటినీ కలిపే వంతెన గిట్ ఎస్‌వీఎన్‌తో పంపుతాం. సోమవారం సాయంత్రం రిలీజ్ బ్రాంచిని (విడుదల కోసం విడిగా ఉంచిన కోడ్ శాఖ) గిట్‌లోని ప్రధాన శాఖ మాస్టర్‌లో కలిపి, దాని మీద మూడు కమిట్లు (నమోదు చేసిన మార్పులు) చేసి, వాటిని ఎస్‌వీఎన్‌కు పంపే డీకమిట్ కొట్టాను. ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. తెల్లవారి చూస్తే ఎస్‌వీఎన్‌లోని ప్రధాన శాఖ ట్రంక్‌లో అవి లేవు, మూడూ వెళ్లి రిలీజ్ బ్రాంచిలో కూర్చున్నాయి! క్లయింటు బిల్డ్ చేసేది అక్కడి నుంచే. ఇక ఈ వంతెన వద్దని, పూర్తిగా గిట్‌కు మారదామని వాళ్లకు రాయబోతున్నాను. మీరేమంటారు?

మంకమ్మతోట

రాసే ముందు ఒక్క మాట తమ్ముడూ. కలిపినప్పుడు ‘ఫాస్ట్ ఫార్వర్డ్’ అని వచ్చిందా? బ్రాంచి తీశాక ట్రంక్‌లో ఎవరూ ఏమీ చేర్చకపోతే అలాగే వస్తుంది. అప్పుడు మాస్టర్ కొన నేరుగా బ్రాంచి కమిట్ మీద నిలుస్తుంది. ఎటు పంపాలో డీకమిట్ నిన్ను అడగదు. మొదటి తల్లి కమిట్ వెంట వెనక్కి వెళ్తూ, తొలిసారి కనిపించిన గిట్-ఎస్‌వీఎన్-ఐడీ వరుసలో (కమిట్ సందేశం కింద వంతెన రాసే ఎస్‌వీఎన్ చిరునామా, సంఖ్య) ఏ చిరునామా ఉంటే అక్కడికే పంపుతుంది. కాజీపేటలో పట్టాలు బల్లార్షా వైపు మళ్లించి, రైలు విజయవాడ ఎందుకు పోలేదంటే ఎలా? ఫాస్ట్ ఫార్వర్డ్ వద్దని చెప్పే ‘నో ఎఫ్‌ఎఫ్’ పెట్టి కలుపు. పంపే ముందు ‘డ్రై రన్’తో (నిజంగా పంపకుండా చేసే పరీక్ష) నడుపు, ఎక్కడికి పోతుందో మొదటి వరుసలోనే చెబుతుంది.

వడ్డేపల్లి చెరువు

అన్నా, ఇన్ని జాగ్రత్తలు గుర్తుపెట్టుకుంటే తప్ప నడవని వంతెన ఎందుకసలు? మా దగ్గర జరిగింది చెబుతాను. ఒకరు తమ బ్రాంచిని ఉమ్మడి గిట్ రిపాజిటరీకి (కోడ్ నిల్వకు) పుష్ చేశారు, అంటే పంపారు, తర్వాత డీకమిట్ చేశారు. డీకమిట్ ప్రతి కమిట్‌నూ తిరగరాస్తుంది, గుర్తింపు సంఖ్య మారిపోతుంది. పక్కవాళ్లు అక్కడి నుంచి పుల్ చేసి తెచ్చుకునేసరికి లాగ్‌లో (మార్పుల జాబితాలో) ప్రతి మార్పూ రెండుసార్లు: సందేశం అదే, తేదీ అదే, ఒకదాని కింద ఐడీ వరుస ఉంది, ఇంకొకదానికి లేదు. కవలల్ని విడదీయడానికి రెండు రోజులు పట్టింది. ఎక్స్‌టర్నల్స్‌ను (ఎస్‌వీఎన్‌లో వేరే చోటి నుంచి తెచ్చి కలుపుకునే ఫోల్డర్లను) ఈ వంతెన అసలే పట్టించుకోదు. ఎదురు వైపు వంతెన చూడండి: గిట్ రిపాజిటరీలు ఉంచుకునే సైటు గిట్‌హబ్ తన రిపాజిటరీలను ఎస్‌వీఎన్‌తో అందుకునే వీలును 2024 జనవరి 8న తీసేసింది. గోడ మీద పిల్లిలా ఎన్నాళ్లు?

మంకమ్మతోట

కవలల సంగతి వంతెన తప్పు కాదు. గిట్ రిపాజిటరీల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు వద్దు, ప్రతి ఒక్కరూ నేరుగా ఎస్‌వీఎన్ సర్వర్ నుంచే తెచ్చుకోండి అని దాని మాన్యువల్‌లోనే రాసి ఉంది. చదివేదెవరు! ఇక మారడం అంటారా, మా డిజైన్ విభాగం డ్రాయింగ్ ఫైళ్లను ఇంకొకరు మార్చకుండా ఎస్‌వీఎన్‌లో తాళం వేసుకుని పనిచేస్తుంది. ఫిర్యాదుల రిజిస్టరులో ‘ఆర్ 4127లో సరిచేశాం’ అని ఎస్‌వీఎన్ మార్పు సంఖ్యలతో పదేళ్లుగా రాసిపెట్టారు. ఆ అంకెలన్నీ ఏం కావాలి?

వడ్డేపల్లి చెరువు

అంకెలు ఎక్కడికీ పోవు. ఐడీ వరుసల్లోనే ఉంటాయి, గిట్ ఎస్‌వీఎన్‌లోని ‘ఫైండ్ రెవ్’ ఆదేశానికి ఆర్ 4127 ఇస్తే కమిట్ చూపిస్తుంది. ఆ వరుసలు రాయొద్దనే ‘నో మెటాడేటా’ పెట్టి క్లోన్ (పూర్తి నకలు) చేస్తేనే చిక్కు. తాళం మాట నిజమే, పెద్ద ఫైళ్ల కోసం ఉన్న గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్‌లో అది ఉంది గానీ సర్వరు కూడా ఒప్పుకోవాలి.

హంటర్‌రోడ్డు

ఫాస్ట్ ఫార్వర్డే, ఇప్పుడే లాగ్ చూశాను. మాస్టర్‌ను ట్రంక్ దగ్గరకు తెచ్చి, నా మూడు కమిట్లకు ముందున్న బ్రాంచిని నో ఎఫ్‌ఎఫ్‌తో కలిపి, మూడింటినీ పైన మళ్లీ పెట్టాను. డ్రై రన్‌లో ట్రంక్ చిరునామా కనబడేదాకా ఎంటర్ నొక్కలేదు. బ్రాంచిలోకి పోయిన మూడింటినీ రివర్స్ మెర్జ్ చేసి వెనక్కి తీశాను.

క్లయింటుకు మాత్రం రాస్తున్నాను, మంకమ్మతోట అన్న క్షమించాలి. అడ్డంకి వేరే చోట ఉంది. గిట్‌కు మారేందుకు, ఎస్‌వీఎన్ ఐడీలకు అసలు పేర్లు జతచేసే ఆథర్స్ ఫైలు తయారు చేస్తున్నాను. పేరు లేని ఐడీ ఒక్కటి తగిలినా క్లోన్ అక్కడే ఆగిపోతుంది. నలభై మంది దొరికారు. ‘టెంప్2’ అనే ఐడీతో ఆరేళ్లు కోడ్ రాసిన మనిషి ఎవరో క్లయింటు దగ్గర కూడా ఎవరికీ గుర్తు లేదు.