90×45×45 ట్యాంక్ ఇంట్లోనే కట్టడానికి 6 మి.మీ. గ్లాస్ చాలుతుందా?

గప్పీ36:
పొడవు 90, వెడల్పు 45, ఎత్తు 45 సెం.మీ. మంచినీటి ట్యాంక్ సొంతంగా కట్టాలనుకుంటున్నానండీ. 6 మి.మీ. గ్లాస్ సరిపోతుందా, 8 తీసుకోవాలా? ముక్కల కొలతలు ఎలా లెక్కేసుకోవాలి? సిలికోన్ పెట్టాక క్లాంపులతో గట్టిగా బిగించాలని కొందరు, అస్సలు బిగించొద్దని కొందరు అంటున్నారు. ఏది నమ్మాలి?

నీటిమట్టం:
మందాన్ని ముందుగా తేల్చేది లీటర్లు కాదు, నీటి ఎత్తు. 45 సెం.మీ. నిండా నీళ్లుంటే మీ ముందు గోడ మీద పడే తోపుడు దాదాపు 90 కిలోల బరువుకు సమానం. అందులో నాలుగింట మూడు వంతులు కింది సగం మీదే ఉంటుంది. పైన బ్రేసింగ్ పట్టీలు (గోడలు బయటికి వంగకుండా పట్టి ఉంచే గాజు పట్టీలు) వేస్తే లెక్క ప్రకారం 6 మి.మీ. నిలుస్తుంది గానీ, అంచున చిన్న పెచ్చు లేచినా, స్టాండ్ కాస్త వంకరున్నా ఆ లెక్క చెల్లదు. 8 తీసుకోండి. పట్టీలే లేకుండా పైన ఖాళీగా ఉండాలంటే 10.

టఫెన్డ్ (వేడితో గట్టిపరిచిన గ్లాస్) జోలికి పోకండి. దాన్ని తర్వాత కోయలేం, రంధ్రం వేయలేం, పగిలితే ఒక్కసారిగా మొత్తం రవ్వలైపోతుంది. మామూలు ఫ్లోట్ గ్లాస్ చాలు.

గోడలన్నీ అడుగు గ్లాస్ మీద నిలబడేలా, జాయింట్‌కి 1 మి.మీ. వదిలి, 8 మి.మీ. గ్లాస్‌కి కొలతలు మి.మీ.లో ఇవి:

అడుగు 900×450, ఒకటి
ముందు, వెనక 900×441, రెండు
పక్కలు 432×441, రెండు
పొడవు పట్టీలు 880×60, రెండు
అడ్డపట్టీ 400×100, ఒకటి

441 ఎలా వచ్చిందంటే, 450లో అడుగు మందం 8, జాయింట్ 1 పోయాయి. పక్కలకు 450లో రెండు గోడల మందం 16, రెండు జాయింట్లు 2 పోతే 432. ముక్కలు చేతికొచ్చాక టేప్‌తో రెండు కర్ణాలూ కొలవండి. తేడా 1 మి.మీ. దాటితే ఆ ముక్క వెనక్కి పంపాల్సిందే. సిలికోన్‌తో సర్దుకుందాం అనుకుంటే చివరి గోడ దగ్గర ఇరుక్కుంటారు.

అంచులు పదునుగా ఉంటే 220 గ్రిట్ వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి, ఏటవాలుగా రెండు మూడుసార్లు లాగండి. పొడిగా రుద్దొద్దు, గాజు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

అద్దం_అంచు:
బిగించడం గురించి నేను చెప్తాను. సిలికోన్‌ని జిగురులా చూడటం వల్లే ఈ గొడవంతా. అది గ్లాసుకీ గ్లాసుకీ మధ్య ఉండే రబ్బరు మెత్త. నీళ్లు నిండినప్పుడు గోడ వంగుతుంది, ఆ కదలికను జాయింట్ సాగి భరించాలి. పూర్తిగా పిండేస్తే సాగడానికి అక్కడ ఏమీ మిగలదు. క్లాంపులు వద్దు, మాస్కింగ్ టేప్‌తో నిలిపితే చాలు. 900×441 గోడ ఒక్కటే 8 కిలోల దాకా ఉంటుంది, కాబట్టి అడుగు జాయింట్‌లోని సిలికోన్ ఆ బరువుకే బయటికి వచ్చేస్తుంది. బయటి అంచు వైపు 1 మి.మీ. ప్లాస్టిక్ బిళ్లలు నాలుగైదు దోపి, మర్నాడు లాగేసి ఆ సందులు నింపండి.

సిలికోన్ వెనిగర్ వాసన వచ్చే రకం, వంద శాతం సిలికోన్ అని రాసున్నది కావాలి. బాత్‌రూమ్‌కి అమ్మే వాటిలో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకు విషం. తయారీ తేదీ చూడండి. పాతబడిన ట్యూబు ఎన్నాళ్లకీ గట్టిపడదు. ముందు రోజు ఒక గీత కాగితం మీద పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఈ సైజుకి 300 మి.లీ. ట్యూబు ఒకటి సరిపోతుంది గానీ రెండోది పక్కన ఉంచుకోండి, మధ్యలో ఆగితే కష్టం.

జాయింట్ పడే చోటల్లా అసిటోన్‌తో తుడవండి, ఆ తర్వాత వేలు తగలనివ్వొద్దు. వరస: అడుగు, వెనక గోడ, ఒక పక్క, రెండో పక్క, చివరగా ముందు గోడ. అంచు మధ్యలో 4 మి.మీ. లావు గీత తెగకుండా పెట్టి, గోడను నిటారుగా దించండి. జరిపి సర్దితే గాలి బుడగలు పడతాయి. పైపొర కట్టడానికి పది నిమిషాలే టైము, అందుకే ఇంకో మనిషి తప్పనిసరి. లోపలి మూలలకు రెండు వైపులా మాస్కింగ్ టేప్ అంటించి, మధ్యలో పూసి వేలితో ఒక్కసారే లాగి, తడి ఆరకముందే ఆ లోపలి టేప్ పీకేయండి, గోడలను నిలిపినది కాదు.

పట్టీలు మర్నాడు, పై అంచుకి 25 మి.మీ. కింద. ఆరేదాకా కింద కర్రముక్కలు ఊతం పెట్టండి. అడ్డపట్టీ మధ్యలో పొడవు పట్టీల మీద పడుకుంటుంది.

గప్పీ36:
చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ థాంక్స్. ఇంకొక్కటి. ఎన్ని రోజులకి నీళ్లు పోయొచ్చు? మూల దగ్గర చెమ్మ కనిపిస్తే బయటి నుంచి సిలికోన్ పూస్తే ఆగుతుందా?

అద్దం_అంచు:
ఆగదు. నీళ్లు లోపలి నుంచి తోస్తుంటే బయటి పూత ఊడిపోతుంది. పైగా ఆరిన సిలికోన్‌కి కొత్తది అతుక్కోదు. నీళ్లు తీసేసి, లోపలి మూలల పూత మొత్తం, కారే చోటే కాదు, బ్లేడుతో గ్లాసు కనిపించేదాకా గీకి, అసిటోన్ పెట్టి మళ్లీ ఒకేసారి పూయాలి. గోడలను పట్టి ఉంచే జాయింట్‌లోనే పొడవాటి బుడగ గీత ఉంటే మాత్రం ఆ గోడ విప్పి మళ్లీ పెట్టడమే.

సిలికోన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది, రోజుకు 2-3 మి.మీ. లోతు. జాయింట్‌కి గాలి అంచు నుంచే తగులుతుంది కాబట్టి 7 రోజులు ఆగండి. వెనిగర్ వాసన ఇంకా వస్తుంటే మరో రెండు రోజులు.

నీటిమట్టం:
టెస్టుకి ఒకేసారి నింపకండి. పావు వంతు పోసి ఒక రోజు, తర్వాత సగం, ఆపైన ముప్పావు, చివర్లో నిండా. కింద పొడి న్యూస్‌పేపర్ పరిస్తే చిన్న చుక్క కూడా మరకలా కనబడుతుంది. నింపినప్పుడు ముందు గోడకి స్కేలు ఆనించి వంపు చూడండి. అది రోజురోజుకీ పెరుగుతుంటే వెంటనే ఖాళీ చేయాలి.

అడుగు కింద 10 మి.మీ. థర్మకోల్ వేస్తే చిన్న ఎగుడుదిగుళ్లను మింగుతుంది, వంకర స్టాండ్‌ని మాత్రం సరిచేయదు. గ్లాసు 35 కిలోలు, నీళ్లు 150 లీటర్ల పైన, ఇసుకా రాళ్లూ కలిపితే 210 కిలోలు దాటుతుంది. స్పిరిట్ లెవెల్ (సమంగా ఉందో లేదో బుడగతో చూపే పరికరం) ఖాళీ ట్యాంక్‌కే పెట్టి చూసుకోండి.